ఇసుక రుచి చూసే మనిషి

లారీ వచ్చి గేటు దగ్గర ఆగుతుంది. డ్రైవరు దిగడు, ఇంజను ఆపడు. కిటికీలోంచి తల బయటపెట్టి "జబాన్‌వాలా కహాఁ హై?" అని కేక వేస్తాడు. నాలుకాయన ఏడీ అని. అప్పుడు నర్సింగ్ చేతిలో నీళ్ళ సీసాతో, నెత్తిన చుట్టుకున్న ఎర్రగళ్ళ తువ్వాలతో తాపీగా నడిచొచ్చి, వెనక చక్రం మీద కాలేసి లారీ ఎక్కుతాడు. పైపై ఇసుక ముట్టుకోడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి లోపలిది పిడికెడు తీస్తాడు. అరచేతిలో నాలుగు చుక్కల నీళ్ళు పోసి, బొటనవేలితో పిసికి, ఆ తడి వేలికొనను నాలుక చివర పెట్టుకుంటాడు. కళ్ళు మూసుకుని ఐదు లెక్కపెడతాడు. తుపుక్కున ఉమ్మేసి చెయ్యి లోపలికి ఊపితే లారీ గ్రౌండులోకి పోవాలి. బయటికి ఊపితే వచ్చిన దారినే వెనక్కి పోవాలి. రెండో మాట లేదు.

ఒమాన్‌లో ఆటల గ్రౌండ్లు వేసే ఆ కంపెనీలో పదకొండేళ్ళుగా ఇదే రివాజు. ల్యాబ్ ఉంది, లేకేం. కాగితం రావడానికి వారం పడుతుంది, లారీ వారం ఆగదు. ఉప్పు ఎంతుందో చూపించే పెన్ను లాంటి మీటరు కూడా ఒకటి ఉండేది. అది ఎండకు చెడిపోయి ఆఫీసు డ్రాయరులో పడింది. నర్సింగ్ నాలుక చెడిపోలేదు గనక కొత్త మీటరు ఎవరూ కొనలేదు.

ఫుట్‌బాల్ గ్రౌండంటే పైన కనపడే గడ్డి అనుకుంటారు గానీ, పనంతా కిందే. ముందు మోకాలి లోతున నేలంతా తవ్వి తీస్తారు. అడుగున చిల్లుల పైపులు పరుస్తారు, వాటి మీద కంకర. కంకర మీద జానెడున్నర ఇసుక. ఆ ఇసుక తియ్యగా ఉండాలి. తియ్యగా అంటే చక్కెర కాదు, ఉప్పు లేకుండా అని. దాని మీద గడ్డి పిలకలు చల్లి, రోలరుతో అదిమి, మొదటి మూడు వారాలు రోజుకు ఏడెనిమిదిసార్లు తడి ఆరకుండా నీళ్ళు కొడతారు. ఇసుకలో ఉప్పుంటే పిలక వేరు బయటికొస్తూనే కాలిపోతుంది.

ఇక ఆ గడ్డి ఏదో కాదు, మన గరికకు దాయాదే. బెర్ముడా అని పేరు. నర్సింగ్‌ది కోరుట్ల దగ్గర పల్లె, పసుపు పండే నేల. చిన్నప్పటినుంచీ పసుపు చేలో గరిక తవ్వి తవ్వి వేళ్ళు వంకర్లు పోయినవాడు. మొదటిసారి మస్కట్‌లో ఆ గడ్డి సంచులు విప్పినప్పుడు నవ్వు ఆపుకోలేక ఇంటికి ఫోన్ చేశాడట.

"రామలక్ష్మీ, ఈడ గరిక నాటవెట్టి పైసలిస్తున్రే!"

"ఎండకు నెత్తి గిట్ల తిరిగిందా ఏందయ్యా నీకు?" అంది అవతల భార్య రామలక్ష్మి, బీడీలు చుడుతూనే.

నాలుక విద్య మాత్రం కోరుట్లలో నేర్చింది కాదు. నర్సింగ్ మొదట దిగింది ఖబూరాలో, సముద్రానికి దగ్గరలో ఉన్న ఒక ఖర్జూరం తోటలో. తోట యజమాని డెబ్బై ఏళ్ళ ఒమానీ. బాబా అని పిలిచేవాడు నర్సింగ్. ఆ పక్క బావుల్లోకి ఏటికేడు సముద్రం ఊరుతోంది. ముసలాయన పొద్దున్నే చేద వేసి నీళ్ళు తోడి, తాను ఒక చుక్క నాలుక మీద వేసుకుని, నర్సింగ్ నాలుక మీద ఒక చుక్క వేసేవాడు. మాలిహ్ అంటే ఉప్పన. హెలూ అంటే తియ్యన. ఈ నీళ్ళు ఖర్జూరానికి పర్వాలేదు, ఈ నీళ్ళు పశువుల గడ్డికి మాత్రమే, ఈ నీళ్ళు నిమ్మచెట్టుకు పోస్తే చెట్టు నన్ను తిడుతుంది. ఇలా ఏడేళ్ళు. చివరికి ముసలాయన తన నోటికంటే నర్సింగ్ నోటినే ఎక్కువ నమ్మేవాడు. ఆయన పోయాక కొడుకులు తోట అమ్మేశారు. నర్సింగ్ ఈ కంపెనీలో హెల్పరుగా చేరాడు. కాగితం మీద ఇప్పటికీ హెల్పరే. కానీ పెద్ద పెద్ద ఇంజనీర్లు "నర్సింగ్ చూశాడా?" అని అడిగిన తర్వాతే ఇసుక దింపించేవాళ్ళు. ఆ ఒక్క ప్రశ్నే అతనికి హోదా, అదే అన్నం.

కరోనా వచ్చిన ఏడాది కంపెనీ ఇచ్చిన రూమ్‌లో ఎనిమిది మందికీ ఒకేసారి జ్వరం తగిలింది. అందరికీ రుచి పోయింది. నెల తిరిగేసరికి అందరికీ వచ్చింది. నర్సింగ్‌కీ వచ్చింది, కొంత. మిరపకాయ మంట తెలిసింది. చింతపండు పులుపు తెలిసింది. చక్కెర ఎక్కడో దూరంగా ఉన్నట్టు తెలిసింది. ఉప్పే రాలేదు. ఒక మధ్యాహ్నం పైపులు మోస్తుంటే చెమట జారి పెదాల మీదికి వచ్చింది. చప్పగా మంచినీళ్ళలా ఉంది. అక్కడే పైపు కింద పెట్టేసి, ముంజేతిని నాలుకతో నాకి చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు. చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని అప్పుడు భయమేసింది.

చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. యాభై దగ్గరపడిన హెల్పర్లను కంపెనీ ఏం చేస్తుందో చూసినవాడే. నాలుక తీసేస్తే నర్సింగ్‌లో మిగిలేది నడుం నొప్పి ఉన్న ఒక పార పనివాడు.

దానికి ఒక ఉపాయం కనిపెట్టుకున్నాడు. లారీ టైరు ట్యూబు ముక్కొకటి జేబులో పెట్టుకునేవాడు. నాలుక తంతు మామూలుగానే నడిపి, ఆ ఇసుక కడిగిన నీళ్ళు రెండు చుక్కలు చాటుగా ఆ నల్ల రబ్బరు మీద వేసి ఎండలో పెట్టేవాడు. పది నిమిషాల్లో నీళ్ళు ఆరిపోయేవి. తెల్లటి వలయం మిగిలితే ఉప్పు. మిగలకపోతే తీపి. ఆ పది నిమిషాలూ గడపడానికి చాయ్ తాగేవాడు, డ్రైవర్లతో ఊరి ముచ్చట్లు పెట్టేవాడు. రెండేళ్ళు ఒక్క లారీ కూడా తప్పుగా పోలేదు. ఒక్కోసారి తన ఉపాయానికి తానే మురిసిపోయేవాడు కూడా.

సీబ్‌లో ఒక ప్రైవేటు స్కూలు గ్రౌండు పని అప్పుడే తగిలింది. సెప్టెంబరులో బడి తెరిచేనాటికి గడ్డి నిలబడాలి. మే నెల మధ్యలో పిలకలు నాటాలి. ఇసుక ఎప్పుడూ లోపలి కొండల దగ్గర వాదీ, అంటే ఎండు వాగు, పక్కనున్న క్వారీ నుంచి వచ్చేది. ఆ ఏడు ఏప్రిల్‌లో పడ్డ వానలకు వాదీ పొంగి క్వారీ దారి తెగిపోయింది. ఇసుక ఇచ్చేవాడు పాత కుప్పలోంచి ల్యాబ్‌కి శాంపిల్ పంపి, మంచి కాగితం తెచ్చి చూపించాడు. లారీల్లో మాత్రం ఎక్కడిది నింపుకొచ్చాడో వాడికే తెలియాలి.

తొంభై ఆరు ట్రిప్పులు, మూడు రోజుల్లో. మొదటి రోజు పొద్దున ఏడింటికే గేటు బయట పద్నాలుగు లారీలు. సముద్రం మీదినుంచి ఉక్క గాలి. ఆకాశం నిండా దుమ్ము పట్టిన మబ్బు. నర్సింగ్ మామూలుగానే రుచి చూసి, రబ్బరు ముక్క మీద చుక్కలు వేసి చాటున పెట్టాడు. పది నిమిషాలైంది. చుక్కలు చుక్కల్లాగే ఉన్నాయి. ఇరవై అయింది. అవే చుక్కలు. ఆ గాలికి చొక్కా ఆరదు, చుక్క ఎట్లా ఆరుతుంది.

ముందు లారీ నిజామాబాద్ ఎహసాన్‌ది. హారను మీద మోచేయి పెట్టేశాడు.

"ఏందే నర్సన్నా, పొద్దుగాల నాష్ట కాలేదా? లారీ మొత్తం తింటవా ఏంది?"

"ఆగు తమ్మీ, ఇంకోపాలి చూస్తా."

"నాలుగు పాలైంది చూడవట్టి. ఎనుక పోలీసాయన రోడ్డు జామ్ అయిందని రాస్తున్నడు. చెయ్యన్న ఊపు, లేదంటే ఎన్కకన్న పంపు!"

వెనక పదమూడు హారన్లు అందుకున్నాయి. ఆఫీసు క్యాబిన్ తలుపు తెరిచి సైట్ ఇన్‌ఛార్జి జావెద్, హైదరాబాద్ మనిషి, రెండు చేతులూ గాలిలోకి లేపి ఏమైందని సైగ చేశాడు. నర్సింగ్ మళ్ళీ వేలు నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఖబూరా బావి, బాబా చేద, ఏదైనా గుర్తొస్తుందేమోనని వెతికాడు. నోట్లో ఇసుక గరగర తప్ప ఏమీ లేదు. ఐదు దాకా లెక్కపెట్టి, చెయ్యి లోపలికి ఊపాడు.

ఒకటి ఊపాక మిగతావి ఊపడం కష్టం కాలేదు.

పిలకలు నాటారు. ఆ గ్రౌండుకు నీళ్ళు చూసేది సమీయుల్లా. రాయచోటి మనిషి, ముప్పై నాలుగేళ్ళు. నర్సింగ్ రూమ్‌లోనే ఉంటాడు, పక్క మంచమే. రూమ్‌కి వంట కూడా అతనిదే. మాట తక్కువ, చెయ్యి శుభ్రం. శుద్ధి చేసిన డ్రైనేజీ నీళ్ళు ట్యాంకులోకి వస్తాయి. ఏ వాల్వు ఎన్ని నిమిషాలు తెరవాలో జావెద్ రాసిచ్చిన చార్టు ఉంటుంది. సమీయుల్లా ఆ చార్టును నమాజు వేళల్లా పాటించేవాడు.

పది రోజులకు గ్రౌండంతా పచ్చటి గంధం పూసినట్టయింది. జావెద్ వీడియో తీసి పెద్ద మేనేజరుకు పంపాడు. పన్నెండో రోజు నర్సింగ్ గోల్ పోస్టు మూలన వంగి కూర్చుని ఒక పిలక పీకి చూశాడు. కొసలు మాడినట్టున్నాయి. వేరు గోధుమరంగు. పక్కన ఇసుక మీద, గాలికి ఆరిన చోట, పిండి రాలినట్టు సన్నటి తెలుపు.

పీకిన పిలకను మళ్ళీ అదే గుంటలో గుచ్చి, వేలితో అదిమి లేచాడు.

అప్పుడు చెప్పినా గడ్డి బతికేది. ఉప్పు ఇసుకకు మందు నీళ్ళే. ట్యాంకర్లు తెప్పించి వరదలా పారించి, కింది పైపుల్లోంచి ఉప్పంతా కడిగి బయటికి పంపేస్తే సగం పిలకలైనా నిలబడేవి. కానీ ఆ మాట జావెద్‌తో అనాలంటే ఇసుకలో ఉప్పుందని చెప్పాలి. ఇసుకలో ఉప్పుందంటే నాలుక మాట చెప్పాలి. నర్సింగ్ జావెద్ క్యాబిన్ దాకా వెళ్ళి, తలుపు మీద చెయ్యి వేసి, చాయ్ అడిగి వచ్చాడు.

వచ్చి సమీయుల్లా దగ్గర నిలబడ్డాడు.

"తమ్మీ, నీళ్ళు జర ఎక్కువియ్యి. మూడింతలియ్యి."

"చార్టులో అట్ల లేదు కదన్నా."

"చార్టు ఆఫీసుల కూసున్నోడు రాసిండు. గడ్డి నాకు తెల్వదా? నా మాట మీద ఇయ్యి. ఎవలన్న అడిగితే నేను జూసుకుంట."

సమీయుల్లా ఒక్క క్షణం అతని మొహంలోకి చూశాడు. "నువ్వు చెప్తే సరేన్నా" అని వాల్వు తిప్పాడు.

నాలుగు రోజులు పారించారు. చాలలేదు. కడగాలంటే ఏకధాటిగా వారం పారాలి. ట్యాంకులో అంత నీళ్ళు లేవు, పగలు ఎండ కొలిమి. నీళ్ళు ఆవిరై ఉప్పు మళ్ళీ పైకే వచ్చింది. అక్కడక్కడా మడుగులు నిలిచాయి. ఐదో రోజు పెద్ద మేనేజరు అర్ఫాత్ సార్ స్కూలు వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. గ్రౌండు సగం పసుపు, సగం బురద. ట్యాంకు అడుగంటి ఉంది. నీళ్ళ మీటరు మీద చార్టు కంటే మూడింతల లెక్క. మధ్యలో వాల్వు తాళంతో సమీయుల్లా.

"ఎవరు తెరవమన్నారు?" అని అడిగాడు అర్ఫాత్ సార్.

సమీయుల్లా నర్సింగ్ వైపు చూడలేదు. నేలవైపు చూశాడు. నర్సింగ్ ఇరవై అడుగుల దూరంలో పారతో నిలబడి ఉన్నాడు. చెప్పడానికి నోరు తెరిచానని ఇప్పటికీ అంటాడు.

"నేనే సార్. ఎండగా ఉండాదని" అన్నాడు సమీయుల్లా.

ఆ సాయంత్రమే మాట వచ్చింది. గడ్డిని నీళ్ళలో ముంచి చంపినందుకు సమీయుల్లా వీసా కాన్సిల్. సోమవారం సంతకం, గురువారం టికెట్టు. మళ్ళీ ఒమాన్‌కి రావాలంటే కంపెనీ ఇచ్చే కాగితం బాగుండాలి. ఈ కారణం రాసిన కాగితంతో ఎవడూ పనిలో పెట్టుకోడు.

శుక్రవారం రూమ్‌లో మిగతావాళ్ళు జుమా నమాజు నుంచి అటే రువీ బజారుకు పోయారు. సమీయుల్లా ఒక్కడే తొందరగా తిరిగొచ్చి ఎప్పటిలాగే పొయ్యి ముట్టించాడు. వంకాయ పప్పు చేశాడు. ఇద్దరూ పేపరు పరుచుకుని కింద కూర్చున్నారు. నర్సింగ్ నాలుగు ముద్దలు తిన్నాడు.

"ఎట్లుందన్నా?"

"మంచిగుంది."

"ఉప్పు ఎయ్యలేదు నేను."

నర్సింగ్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఇయ్యాల కాదన్నా, నాకు రెండేండ్ల నుంచి తెలుసు" అన్నాడు సమీయుల్లా. గొంతు పెంచలేదు. "రెండేండ్ల కిందట రంజాన్ ముందు ఒక దినం కూరలో ఉప్పు రెండు తూర్లు పడిపోయింది. ఎవురూ నోట్లో పెట్టలేకపోయిరి. నువ్వొక్కడివే రెండో తూరి పెట్టిచ్చుకుంటివి. ఆ పొద్దు అర్థమైపాయ నాకు."

"మరి ఎవలకు చెప్పకపోతివి?"

"నీ అన్నం కదన్నా. నేనెట్ల చెప్తా?"

సమీయుల్లా ఇంకో ముద్ద కలుపుకుంటూ అన్నాడు.

"నీళ్ళు మూడింతలియ్యమంటివే, అప్పుడు కూడా తెలిసిపాయ, ఇసుక ఉప్పుదని. నువ్వు కడగను చూస్తాండావని. కడిగితే బతుకుతాదేమో, ఎవురికీ ఏమీ కాదేమో అనుకుంటి. గడ్డి సచ్చిపాయ. ఇంగ నేను పోతాండా." సమీయుల్లా నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. "నేను చెప్తే నమ్మరన్నా. ఉద్యోగం కోసరం ముసలోని మీద చెప్తాండాడు అంటారు. నువ్వే చెప్పల్ల. సోమారం సంతకం. ఆ లోపల చెప్పు. నా పెండ్లాం, పిలకాయలు, ఇవన్నీ నీకు చెప్పను. నీకు తెలుసు."

"చెప్త తమ్మీ. రేపే చెప్త."

"సరేన్నా" అని లేచి తన కంచం కడుక్కున్నాడు. నర్సింగ్ కంచం కూడా కడిగాడు.

శనివారం జావెద్ ఘుబ్రా సైట్‌కి పోయాడు, రాలేదు. నర్సింగ్‌కు లోపల హాయిగా అనిపించింది. ఆ హాయి గురించి అతను చెప్పేటప్పుడు తల ఎత్తడు. ఆదివారం జావెద్ వచ్చాడు. నర్సింగ్ క్యాబిన్ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. లోపల ఎవరో ఉన్నారు, బయటికి వచ్చాక చెబుదామనుకున్నాడు. బయటికి వచ్చాక, లంచ్ అయ్యాక చెబుదామనుకున్నాడు. జూన్ మొదలైంది గనక పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా బయట పని బంద్. అందరూ షెడ్డులో పడుకున్నారు. జావెద్ కూడా పడుకున్నాడు. నిద్ర లేపితే కోపం చేస్తాడనుకున్నాడు. సోమవారం పొద్దున ఎనిమిదింటికి సమీయుల్లాను ఆఫీసు బండి ఎక్కించుకుపోయింది. పదకొండింటికి తిరిగొచ్చాడు. బొటనవేలికి నీలం సిరా ఉంది.

నర్సింగ్ ఆ సిరా వేలు చూశాడు. అదే ఎక్కువైంది. నర్సింగ్ నేరుగా క్యాబిన్‌లోకి నడిచి తలుపు వేశాడు.

"జావెద్ భాయ్, గడ్డి సచ్చింది నీళ్ళకు కాదు. ఇసుకల ఉప్పుంది. నా నాలుకకు ఉప్పు తెల్వదు. రెండేండ్లాయె. నీళ్ళు పారియ్యమన్నది గూడ నేనే."

జావెద్ కంప్యూటరులోంచి తల తిప్పి చూశాడు. తర్వాత నవ్వాడు. నిజంగానే జాలిగా నవ్వాడు.

"క్యా నర్సింగ్ భాయ్! రూమ్ దోస్త్ కోసం ఇంత డ్రామానా? రెండేళ్ళలో ఆరు గ్రౌండ్లు వేసినం. ఆరూ పచ్చగున్నయ్. అన్నీ నీ నాలుకతోనే కదా పాస్ అయినయ్?"

"నాలుకతోటి కాదు, రబ్బరు ముక్కతోటి!" నర్సింగ్ జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. జావెద్ దాన్ని పెన్నుతో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది టైరు ట్యూబ్."

నర్సింగ్ చుట్టూ చూశాడు. కిటికీ దగ్గర జావెద్ టిఫిన్ డబ్బా, పక్కన ఉప్పు డబ్బీ. మూత తీసి అరచేతిలో కుప్పగా పోసుకుని నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. మొహంలో ఒక్క గీత కదల్లేదు. జావెద్ కుర్చీలోంచి లేచాడు.

"పాగల్ హో గయా క్యా? ఉమ్మెయ్!"

"సూడు. నాకు మన్ను తిన్నట్టుంది. సూస్తున్నవా?"

"ఇజ్జత్ కోసం మనిషి విషం కూడా నవ్వుతూ తాగుతడు. దీంతో ఏం సాబిత్ అయింది?"

బయటికి రాగానే కడుపులో తిప్పింది. క్యాబిన్ వెనక ఏసీ నీళ్ళు కారేచోట మోకాళ్ళ మీద కూలబడి అంతా కక్కేశాడు. కడుపుకు తెలిసిన సంగతి నాలుకకు తెలియలేదు.

జావెద్ అంత చెడ్డ మనిషేం కాదు. మధ్యాహ్నం ఫోన్లో అర్ఫాత్ సార్‌కి చెప్పాడు, స్పీకరు పెట్టి, నర్సింగ్‌ని ఎదురుగా నిలబెట్టి. అర్ఫాత్ సార్ అంతా విని, నెమ్మదిగా, హిందీలో, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. ల్యాబ్ కాగితం మంచిదని ఉంది. దాని మీద ఆయన సంతకం ఉంది. ఇసుకలో ఉప్పుందంటే తొంభై ఆరు లారీల ఇసుక మళ్ళీ తవ్వి తీయాలి, పైపులు తీయాలి, స్కూలు వాళ్ళకు జవాబు చెప్పాలి. నీళ్ళు ఎక్కువయ్యాయంటే ఒక మనిషిని పంపేస్తే చాలు, మళ్ళీ పిలకలు నాటుకోవచ్చు.

"నీ నాలుక బాగానే ఉంది నర్సింగ్. పెద్దవాడివి. పని చూసుకో."

ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం నర్సింగ్ ఈ సంగతంతా చెబుతుంటే సమీయుల్లా బ్యాగులో బట్టలు సర్దుతున్నాడు. రెండు చాక్లెట్ డబ్బాలు, ఒక దుప్పటి. మధ్యలో ఆపకుండా విన్నాడు.

"పన్నెండో దినం చెప్పింటే గడ్డి బతికేది" అన్నాడు చివరికి. "శనివారం చెప్పింటే, నమ్మినా నమ్మకపోయినా, సంతకం ఆగేది. ఇసుక తీసకపోయి చూడండ్రా అని నేనూ గొడవ పెట్టుకునేటోన్ని. సంతకం పెట్టినాక నా మాటకి ఇలువేముండాది?"

"తప్పైంది తమ్మీ. కాళ్ళు మొక్కుత."

"వద్దులేన్నా. కాళ్ళు మొక్కించుకుని యాడికి పోయేది నేను."

గురువారం కంపెనీ వ్యాను వచ్చింది. సీబ్ నుంచి ఎయిర్‌పోర్టుకు పావుగంట. నర్సింగ్ బ్యాగు పట్టుకోబోతే సమీయుల్లా ఇవ్వలేదు. తానే వ్యానులో పెట్టుకున్నాడు. వంటగదిలో పప్పు ఏ డబ్బాలో ఉందో, కారం ఏ డబ్బాలో ఉందో మిగతావాళ్ళకు చెప్పి ఎక్కాడు.

జూన్ చివర కొత్త పిలకలు తెచ్చి అదే ఇసుకలో నాటారు. ఇసుక తీసుకెళ్ళి చూపించమని నర్సింగ్ జావెద్‌ని నాలుగుసార్లు అడిగాడు. ఐదోసారి అడిగినప్పుడు జావెద్ అరిచాడు. ఈసారి నీళ్ళకు కొత్త మనిషి, చార్టు నిమిషం తప్పని మనిషి. పదిహేనో రోజుకు కొసలు మాడాయి. ఇరవయ్యో రోజుకు గ్రౌండు ఆరబోసిన వడ్ల కళ్ళంలా ఉంది. అప్పుడు, ఎవరూ ఎవరితోనూ ఏమీ అనకుండా, జావెద్ గ్రౌండు నాలుగు మూలల నుంచి ఇసుక తీయించి ల్యాబ్‌కి పంపాడు. కాగితం వచ్చింది. ఆ కాగితం నర్సింగ్‌కి ఎవరూ చూపించలేదు. మరుసటి రోజు జేసీబీలు వచ్చి ఇసుక తవ్వడం మొదలుపెట్టాయి. అదే అతనికి చూపించిన కాగితం.

ఆఫీసుకు ఉప్పు చూసే కొత్త మీటరు వచ్చింది. నర్సింగ్‌ని ఖబూరాకు మార్చారు. అక్కడ కంపెనీకి గడ్డి పెంచే ఫారం ఉంది. శుక్రవారాలు కూడా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిలకలు కోసి, తడి గోనెసంచుల్లో కూరి, లారీకి ఎత్తడం పని. పక్క మనుషులకు అతను ఎవరో తెలియదు. జబాన్‌వాలా అని ఎవరూ పిలవరు. పోయే రోజు జావెద్‌ని ఒక్కటే అడిగాడు.

"ఇప్పుడు తేలింది గదా భాయ్, సమీని మళ్ళ పిలిపియ్యిండ్రి."

"ఫైల్ బంద్ అయిపోయింది నర్సింగ్ భాయ్" అన్నాడు జావెద్. మొహం పక్కకు తిప్పుకుని, "నేను రాసి పంపిన. పైనుంచి జవాబు రాలే" అన్నాడు. రాశాడో లేదో నర్సింగ్‌కి తెలియదు. రాసే ఉంటాడని నమ్ముతాడు. నమ్మకపోతే ఆ మనిషితో కలిసి చాయ్ తాగిన పదకొండేళ్ళూ ఏం చేసుకోవాలో తెలియదు.

సమీయుల్లా మదనపల్లె టమాటా మార్కెట్లో బుట్టలు ఎత్తుతున్నాడని రూమ్ వాళ్ళ ద్వారా తెలిసింది. నర్సింగ్ ప్రతి శుక్రవారం ఫోన్ చేసేవాడు. మోగి మోగి ఆగిపోయేది. మూడు నెలలు అలాగే గడిచాయి. నాలుగో నెలలో ఒక శుక్రవారం పొద్దున ఆడగొంతు పలికింది. సమీయుల్లా భార్యే అయి ఉంటుంది.

"హలో, ఎవురు?"

"నేనమ్మా, మస్కట్ నర్సింగ్‌ను. నువ్వు తయ్యబావా?"

"ఊఁ. చెప్పన్నా."

"సమీ ఉన్నడా?"

కాసేపు చెయ్యి అడ్డం పెట్టి మాట్లాడుతున్న చప్పుడు. మళ్ళీ ఆమె. "పక్కనే ఉండాడన్నా. మాట్లాడడంట."

"సరేనమ్మా. మంచిగున్నడా?"

"ఉండాడు. నడుం పట్టేసింది, రెండు దినాలాయ పన్లేకి పోక." ఆమె ఆగింది. "అన్నా, నీకు ఉప్పు తెలుస్తాండాదా ఇప్పుడు?"

సమీ ఆమెకు అన్నీ చెప్పాడన్నమాట. ఉప్పు లేని పప్పు సంగతి కూడా చెప్పే ఉంటాడు.

"లేదమ్మా. తెలుస్తలేదు."

"తెలీడం లేదంట" అని ఆమె పక్కకు తిరిగి చెప్పడం వినిపించింది. మంచం కిర్రుమన్న చప్పుడు, ఎవరో లేచి గది దాటిపోతున్న అడుగులు. తలుపు తెరుచుకుంది.

"బయటికి పోయినాడన్నా" అంది తయ్యబా. "ఇంగ ఫోన్ చెయ్యొద్దులే. నువ్వు చేసిన పొద్దంతా అన్నం తినడు."

నర్సింగ్ సరేనమ్మా అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, సంచి నోరు కట్టి, తర్వాతి సంచి విప్పాడు. ఆ తర్వాత మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.